బడి అన్నము: చట్టమేమి చెప్పుచున్నది, రైతు చేయవలసినదేమి?

(పెద్దవంగరలో రైతుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నాట్లకు అదను, పత్తికి ఎరువు, మిరపలో తామర పురుగు, ఇటువంటి విషయములు చెప్పుటకే మావంటివారు ఊళ్ళకు వచ్చుట మీకు అలవాటు. నేడు వాటిని కొంచెము పక్కన బెట్టి, సర్కారు బడిలో మీ పిల్లల పళ్ళెములో పడు అన్నమును గురించి చెప్పదలచినాను. వ్యవసాయము చెప్పు పంతులుకు ఈ సంగతి ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. రెండు కారణములున్నవి. ఆ పళ్ళెములోని బియ్యము గోదాము నుండి వచ్చును గాని, పప్పు, కూర ఊరిలో దొరకవలెను. మన భూములు వాటిని పండించుట దాదాపు మానివేసినవి. ఇది మొదటి కారణము. రెండవది ఇంతకన్న గట్టిది. మన చేలలో వాడు పురుగుల మందు ఒకచోట బడి వంటింటికి చేరి 23 మంది పిల్లల ప్రాణములు తీసినది. ఆ సంగతి తరువాత వివరముగా చెప్పెదను.

ముందు చట్టము సంగతి చూతము. బడి భోజనమును చాల మంది ఒక దయగా తలచుచున్నారు. "సర్కారు పెట్టుచున్నది, పెట్టినంత తిందురు, బాగులేకున్న ఇంటి నుండి డబ్బా కట్టి పంపెదము" అందురు. దయకును హక్కునకును గల తేడా వాన నీటికి, కాలువ నీటికి గల తేడా వంటిది. వాన రానిచో మనము ఎవరినీ అడుగలేము, ఆకాశము వంక చూచి ఊరకుందుము. కాలువ నీరు వంతు ప్రకారము రానిచో నలుగురము కలిసి ఇంజనీరు ఆఫీసుకు పోయెదము. బడి అన్నము ఇపుడు కాలువ నీటి వంటిది. దానికి వంతున్నది, కొలత ఉన్నది, రానప్పుడు అడుగుటకు చోటున్నది.

ఇది ఒక్కనాట ఏర్పడిన స్థితి కాదు. 1920లో మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షులుగా ఉండిన పిట్టి త్యాగరాయ శెట్టి గారు, మన తెలుగు వారే, థౌజండ్ లైట్సు పేటలోని కార్పొరేషను బడిలో బీద పిల్లలకు ఫలహారము పెట్టించిరి. పిల్లవాడొక్కనికి రోజుకు అణా మించరాదని కట్టుబాటు. పిల్లలు బడికి వచ్చుట పెరిగినది, మరికొన్ని బడులలో కూడ ఆరంభించిరి. అయితే ప్రాథమిక విద్యా నిధి నుండి ఈ ఖర్చు వ్రాయరాదని నాటి ప్రభుత్వము అభ్యంతరము చెప్పుటతో కొన్నేండ్లకే ఆగిపోయినది. ఆగిపోయినందుకు ఏ తండ్రియు ఏ కచేరీ మెట్లెక్కి అడుగలేకపోయెను, ఏలయనగా అడుగుటకు చట్టము లేదు. తరువాత తమిళనాట 1956లో కామరాజు గారు, 1982లో ఎం.జి. రామచంద్రన్ గారు ఈ పనిని పెద్ద ఎత్తున నడిపించిరి. అవి కూడ ప్రభుత్వముల నిర్ణయములే గాని పిల్లల హక్కులు కావు.

దేశమంతటికి ఒక పథకము 1995 ఆగస్టు 15న వచ్చినది. అప్పుడు చాల రాష్ట్రములలో వండి పెట్టలేదు. నెలకు 80 శాతము హాజరున్న పిల్లవానికి 3 కిలోల ధాన్యము చేతికిచ్చిరి. ఆ 3 కిలోలు ఇంటికి చేరి ఇంటిల్లిపాది కుండలో కలిసిపోయెడివి. బడిలో కూర్చున్న పిల్లవాని ఆకలి అట్లే ఉండెడిది.

మార్పు 2001లో కలిగినది. రాజస్థాను మున్నగు చోట్ల కరువు, ఇంకొక ప్రక్క ఆహార సంస్థ గోదాములలో ధాన్యపు గుట్టలు. ఈ విపరీతము చూచి పౌరహక్కుల ప్రజాసంఘము వారు సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2001 నవంబరు 28న కోర్టువారు మధ్యంతరపు ఉత్తర్వు నిచ్చిరి. ప్రతి సర్కారు ప్రాథమిక పాఠశాలలోను, సర్కారు సహాయము పొందు ప్రాథమిక పాఠశాలలోను వండిన అన్నమే పెట్టవలెను. రోజుకు 300 కేలరీలకు తక్కువ కారాదు, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులుండవలెను, ఏడాదికి 200 రోజులకు తగ్గరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2003 జనవరి నుండి ఊరూర పొయ్యి వెలిగినది. వంట పనిని మహిళా సంఘముల చేత పెట్టిరి. ఆ కోర్టు ఉత్తర్వుల సారమే చాల వరకు 2013లో పార్లమెంటు చేసిన జాతీయ ఆహార భద్రత చట్టములోనికి వచ్చినది.

ఆ చట్టములో మనకు ముఖ్యమైనవి 4, 5, 6 సెక్షనులు. గర్భిణికి, ప్రసవమైన తరువాత ఆరు మాసముల వరకు బాలింతకు, అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనము. ఆరు మాసములు నిండిన శిశువు మొదలు ఆరేండ్ల పిల్లల వరకు వయసునకు తగిన ఆహారము, అది కూడ అంగన్‌వాడీ ద్వారానే. ఆరు నుండి పదునాలుగేండ్ల వారికి, ఎనిమిదవ తరగతి వరకు, సెలవు దినములు తప్ప ప్రతిరోజు బడిలో ఒక పూట ఉచిత భోజనము. బక్కచిక్కిన పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేకముగా ఆహారమిచ్చుట కూడ ప్రభుత్వము విధియే. ప్రతి బడికి, ప్రతి అంగన్‌వాడీకి వంట వసతి, త్రాగునీరు, పారిశుద్ధ్యము ఉండవలెనని కూడ 5వ సెక్షనే చెప్పుచున్నది. కావున వంటగది లేదు, చెట్టు క్రింద వండుచున్నామనుట చట్టప్రకారము లోటే.

ఇక్కడ ఒక విషయము స్పష్టము చేసికొనవలెను. మన రాష్ట్రములో 9, 10 తరగతుల పిల్లలకు కూడ అన్నము పెట్టుచున్నారు, వారములో మూడు గుడ్లిచ్చు పద్ధతి ఉన్నది, 2015 జనవరి నుండి సన్న బియ్యమిచ్చుచున్నారు. ఇవి మంచివే. అయితే ఇవి రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయములు, చట్టములోని అంశములు కావు. ఎనిమిదవ తరగతి వరకు గల భోజనము మాత్రము ఏ ప్రభుత్వము వచ్చినను తీసివేయరానిది. ఏది హక్కు, ఏది నిర్ణయము అని తెలిసియుండినచో అడుగునప్పుడు మాట తడబడదు. "మా పిల్లలు ప్రైవేటు బడికి పోవుదురు, మాకేమి?" అనువారు కూడ ఉందురు. సహాయము పొందని ప్రైవేటు బడికి ఈ భోజనము వర్తించదు, నిజమే. మీ కోడలు గర్భిణియైనచో, మీ మనుమనికి ఏడు మాసములు నిండినచో, అంగన్‌వాడీ మీదియే. అక్కడ కలవారు, లేనివారు అను భేదము లేదు.

చట్టము క్రింద 2015 సెప్టెంబరు 30న మధ్యాహ్న భోజన నియమావళి వెలువడినది. దాని ప్రకారము ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుండి ఎనిమిది తరగతుల వానికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. మనకు తెలిసిన లెక్కలో చెప్పవలెనన్న, చిన్న తరగతులకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. పెద్ద తరగతులకు బియ్యము 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. 2023 జనవరిలో చట్టపు రెండవ షెడ్యూలును సవరించి, కడుపు నిండుటయే గాక ఇనుము, విటమినులు మొదలగు సూక్ష్మ పోషకములను కూడ లెక్కలోనికి తెచ్చిరి. అది అవసరమైన సవరణయే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 33 మంది వయసునకు తగిన ఎత్తు లేనివారని, 6 మాసములు దాటిన పసివారిలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నదని తేలినది. వరి ధాన్యము రాశులు పోసిన రాష్ట్రములోనే ఈ స్థితి. కడుపునకు బియ్యము చాలినను, ఒంటికి రక్తము పట్టుటకు బియ్యమొక్కటే చాలదని దీని అర్థము.

ఇప్పుడు డబ్బు లెక్క. బియ్యము కేంద్రమిచ్చును. పప్పు, కూర, నూనె, ఉప్పుకారము, వంటచెరకు లేక గ్యాసు, వీటికి వంట ఖర్చు అను పేర పిల్లవాని తలకు ఇంత అని ఇత్తురు. 2025 మే 1 నుండి ఇది చిన్న తరగతులకు 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతులకు 10 రూపాయల 17 పైసలు. ఇందులో కేంద్రము నూటికి 60, రాష్ట్రము 40 భరించును. కందిపప్పు కిలో 120 రూపాయలనుకొనుడు, 20 గ్రాములకు 2 రూపాయల 40 పైసలు. కూరగాయలు కిలో 40 అనుకొనుడు, 50 గ్రాములకు 2 రూపాయలు. నూనె 140 అయినచో 5 గ్రాములకు 70 పైసలు. మొత్తము 5 రూపాయల 10 పైసలాయెను. మిగిలిన 1 రూపాయి 68 పైసలలో గ్యాసు, చింతపండు, మిరపపొడి, ఉప్పు. ధరలు నిలకడగా ఉన్నంతవరకు ఎట్లో నెట్టుకొనవచ్చును. 2023 జూలైలో వలె టమాట కిలో నూరు రూపాయలు దాటినచో ఆ 50 గ్రాములకే 5 రూపాయలు. అప్పుడు మొత్తము 8 రూపాయలు దాటును. వండు స్త్రీ ఏమి చేయును? పప్పులో నీళ్ళు పెంచును. పళ్ళెములో పప్పు పలుచబడినప్పుడు మనము ఆమెనే తిట్టుదుము. ఆమె కిరాణా కొట్టులో అప్పు పెట్టి సరుకు తెచ్చుననియు, బిల్లు రావలసిన నెలకు రాదనియు తరచు వినబడు ఫిర్యాదు. ఇందుకును నియమావళిలో ఒక దారి ఉన్నది. భోజనపు నిధి తాత్కాలికముగా అందనప్పుడు ప్రధానోపాధ్యాయుడు బడిలో ఉన్న వేరే నిధిని వాడి భోజనము నడుపవచ్చును, నిధి వచ్చిన వెంటనే దానిని సర్దుకొనవచ్చును. ఈ అధికారమున్నదని తెలియక భయపడు సార్లు ఉన్నారు. మీరు వారికి ధైర్యము చెప్పవలెను.

వ్యవసాయము చెప్పువాడను గనుక ఇక్కడ కొంత ఆగెదను. నూరుమంది చిన్న తరగతుల పిల్లలున్న బడిని తీసికొనుడు. రోజుకు పప్పు 2 కిలోలు, ఏడాదికి సుమారు 220 పనిదినములు, మొత్తము 440 కిలోలు. నూరు కిలోల కందులకు 70 కిలోల పప్పు దిగునని వేసికొన్నను, కావలసిన కందులు ఆరు క్వింటాళ్ళ పైచిలుకు. ఎకరాకు మూడు నాలుగు క్వింటాళ్ళు పండినచో రెండెకరముల కంది ఒక బడికి ఏడాది పప్పు. కూరగాయలు రోజుకు 5 కిలోల చొప్పున ఏడాదికి 11 క్వింటాళ్ళు. బోరు నీరున్నచోట పది గుంటలలో ఆకుకూరలు, టమాట, బెండ, చిక్కుడు, ఆనిగెపుకాయ మార్చి మార్చి వేసినచో ఇంత పండును. ఇంత ఊరిలో రెండెకరములు, పది గుంటలు దొరకవా? దొరకును. అయినను మనము పత్తి, మిరప, మొక్కజొన్న, వరి తప్ప వేరొకటి వేయుటకు మనసొప్పుట లేదు. జొన్నచేలో కంది సాళ్ళు, బబ్బెర తీగలు ఉండిన రోజులు పెద్దలకు జ్ఞాపకముండును. ఆ రోజులలో గట్క, అంబలితో పాటు పప్పు ఇంటిలోనే పుట్టెడిది. నేడు వడ్లు అమ్మిన డబ్బుతో పప్పు కొనుచున్నాము. ఇంటికి కొనుట మానుకొనలేనప్పుడు బడికి మాత్రము ఎవరు పండింతురు?

ఇది దానము చేయుమనుట కాదు. కేంద్ర మంత్రివర్గము 2021 సెప్టెంబరు 29న ఈ పథకమునకు పి.ఎం. పోషణ్ అని పేరు పెట్టి 2025-26 వరకు ఆమోదించినప్పుడు, రైతు ఉత్పత్తిదారుల సంఘముల నుండి, మహిళా సంఘముల నుండి స్థానికపు పంటను తీసికొనుట ప్రోత్సహింపవలెననియు, బడిలో పోషకాహార తోట పెంచవలెననియు చెప్పిరి. వండు సంఘమునకు, ముగ్గురు నలుగురు రైతులకు మధ్య ఏడాదికి ఒక ధర మాట అయినచో, టమాట నూరు రూపాయలైన నాడు బడి పళ్ళెము పలుచబడదు. అది పది రూపాయలకు పడిపోయిన నాడు మీ టమాట రోడ్డు పక్కన పారబోయనక్కరలేదు. ఇరువురికి లాభమే. బడి ఆవరణలో మునగ రెండు చెట్లు, కరివేపాకు, బొప్పాయి, ఒక మడి పుంటికూర ఉన్నచో చాలు, చేతులు కడిగిన నీరు వాటికి సరిపోవును. కందికి పొలము కేటాయింప లేనివారు గట్ల మీద, పత్తిలో సాళ్ళుగా వేసికొనవచ్చును. వరంగల్ పరిశోధనా స్థానము నుండి వచ్చిన డబ్ల్యు.ఆర్.జి. 65, అనగా రుద్రేశ్వర, మన నేలలకు నప్పు మధ్యకాలిక రకము. విత్తనము సంగతి మల్యాల కృషి విజ్ఞాన కేంద్రము వారిని అడుగుడు.

పుట్టినరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో బడిపిల్లలకు ఒక పూట మంచి వంటకము పెట్టుటను తిథి భోజనము అందురు. గుజరాతులో పుట్టిన ఈ పద్ధతిని పథకమువారు కూడ అంగీకరించిరి. పండ్లు, బెల్లపు పల్లి పట్టీలు, గుడ్లు ఇయ్యవచ్చును. ఇది బడి అన్నమునకు తోడుగా ఉండవలెను గాని బదులుగా ఉండరాదు. పెండ్లిలో మిగిలిన బగారన్నము మరునాడు బడికి పంపుట తిథి భోజనము కాదని నేను గట్టిగా చెప్పుచున్నాను.

ఇక పురుగుల మందు సంగతి. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా, ధర్మాసతి గండామన్ అను పల్లెలో బడిపిల్లలు మధ్యాహ్నము అన్నము తిని కూలిపోయిరి. 23 మంది చనిపోయిరి. పరీక్షలో వంటనూనెలో మోనోక్రోటోఫాసు ఉన్నదని తేలినది. ఆ మందు ఉంచిన డబ్బాలోనే నూనె పోసిరి. నూనె వాసన తేడాగా ఉన్నదని వండినవారు, రుచి బాగులేదని పిల్లలు చెప్పినను వినిపించుకొనలేదని తరువాత బయటపడినది. ప్రధానోపాధ్యాయినికి 2016లో న్యాయస్థానము జైలు శిక్ష వేసినది. శిక్ష పడినది ఒకరికి. ఆ డబ్బా చేను నుండి వంటింటి దాక ఎన్ని చేతులు మారి వచ్చినదో ఆలోచింపుడు.

మోనోక్రోటోఫాసు మనకు కొత్తది కాదు, పత్తి చేలలో ఏండ్ల తరబడి వాడినాము. కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధమున్నది. 36 శాతపు ద్రావకమును నిషేధించుచు కేంద్రము 2023లో ఆజ్ఞ వెలువరించినది. ఆ ఒక్క మందు పోయినంత మాత్రమున ప్రమాదము పోలేదు. ఎర్ర త్రికోణపు గుర్తు గల మందు ఏదైనను అట్టిదే. ఖాళీ డబ్బా మంచి ప్లాస్టిక్కు, గట్టి మూత. పారవేయుటకు మనసు రాదు. కడిగి నూనెకో, కిరోసినుకో, త్రాగునీటికో వాడుదుము, లేనిచో పాత సామానువానికి అమ్ముదుము. ఎంత కడిగినను ఆ ప్లాస్టిక్కు మందును వదలదు. 1971 నాటి క్రిమినాశకముల నియమావళి ప్రకారము ఖాళీ డబ్బాలను తిరిగి వాడుటకు వీలు లేకుండ పగులగొట్టి, ఇండ్లకు దూరముగా పూడ్చవలెను. మందు పోసిన వెంటనే డబ్బాను మూడుసార్లు నీటితో తొలిపి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోయుడు. తరువాత అడుగున, ప్రక్కల మేకుతో పొడిచి చిల్లులు చేయుడు. చిల్లులు పడిన డబ్బాలో ఎవడును నూనె పోయడు. బడి బియ్యపు బస్తాలు, నూనె డబ్బాలు తెచ్చు ట్రాలీలో మందు సీసాలు పెట్టకుడు. బడికి ఇచ్చు కూరగాయలకు మందు కొట్టియున్నచో, డబ్బా మీద వ్రాసినన్ని రోజులు ఆగి గాని కోయకుడు.

ఎప్పుడైనను తిన్న పిల్లలకు వాంతులు, నోట చొంగ, చెమట, కంటిపాపలు చిన్నవగుట కనబడినచో క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అనుమానమున్న డబ్బానో, దాని మీది చీటీనో వెంట తీసికొనిపోవలెను. ఈ జాతి మందులకు అట్రోపిను అను విరుగుడు ఉన్నది, ఏ మందో తెలిసినచో వైద్యుని పని సులువగును.

గండామన్ తరువాత 2015 ఫిబ్రవరిలో కేంద్రము వంటిండ్ల శుభ్రతకు, భద్రతకు మార్గదర్శకములు పంపినది. పిల్లలకు వడ్డించక ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవారు రుచి చూడవలెను, వారిలో ఒకరైనను ఉపాధ్యాయుడు కావలెను. బడి యాజమాన్య సంఘమునకు భోజనపు నాణ్యతను, శుభ్రతను కనిపెట్టు బాధ్యత నియమావళిలోనే ఉన్నది. మన రాష్ట్రములో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. సోదరీమణులారా, వారమున కొక రోజు మీలో ఒకరు మధ్యాహ్నము బడికి పోయి ఆ పప్పన్నము ఒక ముద్ద తినుడు. ఎన్ని కాగితములు పంపినను ఆ ఒక్క ముద్ద చేయు పని చేయలేవు. నాట్ల కాలములో కూలి పోగొట్టుకొని వచ్చుట కష్టమని నాకు తెలియును. వంతులు వేసికొనుడు.

వంట చేయువారి సంగతిలో ఒక మాట. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు, వంటవారిని నియమించునప్పుడు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమియ్యవలెనని చెప్పినది. ఆమె వండినచో మా పిల్లవాడు తినడనుట, పిల్లలను వేరు వరుసలలో కూర్చుండబెట్టుట రాజ్యాంగమే నేరమన్న అంటరానితనము. నాట్లు వేసి, కలుపు తీసి, మనకు అన్నము పుట్టించునది ఆ చేతులే. వాటికి లేని అంటు గరిట పట్టినప్పుడు ఎక్కడి నుండి వచ్చును?

తండాలవారికి కూడ ఒక ముఖ్య విషయము చెప్పవలెను. ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న వాడలో అంగన్‌వాడీ లేనిచో, అడిగిన మూడు నెలలలో ఇయ్యవలెనని 2006 డిసెంబరు 13 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు. ఊరి కేంద్రము రెండు మైళ్ళు ఉన్నప్పుడు మూడేండ్ల పాప నడిచి పోలేదు, తల్లి పని మాని తీసికొనిపోలేదు. కావున పిల్లల పేర్లు, వయసులు వ్రాసి దరఖాస్తు పెట్టుకొనవలెను. మన రాష్ట్రములో ఏడు మాసముల నుండి మూడేండ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతము, 16 గుడ్లు ఇచ్చు పద్ధతి ఏర్పడినది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మిలో గర్భిణికి, బాలింతకు కేంద్రములోనే ఒక పూట భోజనము, గుడ్డు, పాలు. బాలామృతము పాకెట్టు ఇంటికి తెచ్చి పెద్ద పిల్లలందరికి పంచుట, గర్భిణి గుడ్డును అత్తగారు మగపిల్లవానికి పెట్టుట మన ఇండ్లలో లేనివి కావు. చట్టము గుమ్మము దాక తెచ్చినదానిని గుమ్మము లోపల మనమే తప్పించుట ఇది.

చివరగా, అన్నము ఆగినప్పుడు ఏమి చేయవలెను? నియమావళిలో దీనికి లెక్క ఉన్నది. బియ్యము రాలేదనో, నిధి లేదనో, వంటవారు రాలేదనో భోజనము పెట్టని రోజులకు ఆహార భద్రత భత్యము ఇయ్యవలెను. అనగా ఆ రోజులకు రావలసిన ధాన్యము, దానితో పాటు వంట ఖర్చు. మరుసటి నెల 15వ తేదీ లోపల చేతికి రావలెను. వరుసగా మూడు బడి రోజులు గాని, నెలలో అయిదు రోజులు గాని అన్నము పెట్టనిచో, రాష్ట్ర ప్రభుత్వము బాధ్యులెవరో తేల్చవలెను. పిల్లవాడు తనంతట తాను తినని రోజుకు మాత్రము భత్యము రాదు. ఇది కాగితపు మాట కాదు. 2020లో కరోనా వలన బడులు మూతబడినప్పుడు, పిల్లలకు వండిన అన్నమునకు బదులు ఈ భత్యమునే ఇయ్యవలెనని కేంద్రము రాష్ట్రములకు చెప్పినది.

ఇందుకు మీరు చేయవలసిన పని చిన్నది. అన్నము పెట్టని రోజు తేదీని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుడు. మూడు రోజులు కాగానే ముందు ప్రధానోపాధ్యాయుని కలియుడు, చాలవరకు అక్కడనే సర్దుబాటగును. కానిచో మండల విద్యాధికారికి, అంగన్‌వాడీ సంగతియైనచో సూపర్‌వైజరుకు, వ్రాతమూలముగా ఇయ్యుడు. అక్కడను కానిచో చట్టపు 15వ సెక్షను క్రింద ప్రతి జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కారాధికారి ఉండును, మనకు మహబూబాబాదు కలెక్టరు కార్యాలయములో విచారింపవచ్చును. ఆయన చెప్పినది నచ్చకున్న హైదరాబాదులోని రాష్ట్ర ఆహార కమిషనుకు అప్పీలు పోవచ్చును. పరిష్కారాధికారి ఇయ్యమన్న ఉపశమనమును సరియైన కారణము లేక ఇయ్యని ఉద్యోగికి కమిషను 5,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చునని 33వ సెక్షను. దరఖాస్తులో బడి పేరు, తరగతి, అన్నము లేని తేదీలు, ఎంతమంది పిల్లలు అన్న సంగతులు వ్రాయుడు, తిట్లు వ్రాయకుడు. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి సంతకములు గాని, వేలిముద్రలు గాని వేయుడు. ఒక నకలు దగ్గర ఉంచుకొని, దాని మీద ముద్ర, తేదీ వేయించుకొననిదే ఆఫీసు నుండి కదలకుడు.